నేను బాగు చేసిన బంగారు గడియారం

ఎనిమిదేళ్ళకే కార్ల పందేల్లో వేగం కొలిచే బంగారు చేతి గడియారాన్ని బాగు చేసినవాణ్ణి నేను. మొన్న ఆదోని బజారులో, పాత గడియారాల కొట్టు అద్దాల అరలో అలాంటిదే కనబడితే అక్కతో అదే అన్నాను.

"నీవా? బొంగరం గూడా తిప్పలేనోడివి!" అంది.

ఎమ్మిగనూరులో మా నాన్న గుంత మగ్గం మీద నేసేవాడు. నూలు ఇచ్చే ఆదోని షావుకారు ఒకరోజు మా ఇంట్లో భోజనానికి లేస్తూ, గడియారం విప్పి మగ్గం మీద పెట్టాడు. అంచు చుట్టూ వేగం కొలిచే అంకెలు, పక్కన రెండు బొత్తాలు. నేను వేలితో తాకి చూస్తే, సన్నటి పొడుగు ముల్లు పన్నెండు దగ్గర కదలకుండా నిలబడి ఉంది. దాన్ని నేనే చంపేశాననుకున్నాను. షావుకారుకు కోపమొస్తే నాన్నకు నూలు రాదు.

ఇక అక్క దగ్గర ఒప్పుకున్నాను. బాగు చేసిందేమీ లేదు. పందెం మొదలైందని బొత్తాం నొక్కితేగాని ఆ ముల్లు కదలదని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు భయంతో పై బొత్తాం నొక్కాను, ముల్లు పరుగెత్తింది, అంతే.

అక్క నడక ఆపింది.

"నువ్వు యాడ నొక్కినావురా? మగ్గం గుంతలో దూరి ఏడుస్తాంటివి. నొక్కింది నేను."