వ్రతకథలో తెగిన తల

నేను వ్రతకథలు, పిల్లల కథలే కాదు, జనగామ బస్టాండులో తిరిగే రాక్షసుల నవలలూ రాస్తాను. ఈ రోజు మరిపెడలో పక్కింటి వ్రతానికి వెళ్లి, నా కొత్త నవలను అమ్మవారి పాదాల దగ్గర పెట్టాను. అట్ట మీద దుర్గమ్మను చూసి, వాళ్ల కోడలు అదే వ్రతకథ అనుకుని చదివింది.

మొదటి పేజీలోనే కండక్టరు తల తెగి టికెట్ల సంచిలో పడింది. ఇక నన్నెవరూ పేరంటానికి పిలవరనుకున్నాను. కానీ మొదలైన కథ ఆపకూడదని, అందరూ అక్షింతలు పట్టుకుని రాక్షసి పేగులు తెగేదాకా విన్నారు.

"దాని మొగడు బతికే ఉన్నడు గదా బిడ్డా?" అంది వాళ్లింటి అవ్వ.

"ఉన్నడవ్వా, రెండో భాగంల సస్తడు."

"గాడు సచ్చేదాంక నేను అచ్చింతలు ఎయ్య!"

వంటలన్నీ చల్లారిపోతున్నాయి. అక్కడికక్కడే రెండో భాగం నోటితో చెప్పి వాడి గొంతు కోశాను. ఇక ఆ రెండో భాగం పుస్తకంగా రాస్తే మీరు చదువుతారా?