ఊపేదాకా పోస్తూనే ఉంటుంది

అయినా, మర్యాదకు అన్న మాటకూ మనసులోంచి వచ్చిన మాటకూ తేడా తెలియనంత పిచ్చిదాన్నా నేను? అక్క మాత్రం బహ్రెయిన్‌లో, రిఫాలోని మా ఫ్లాట్లో బట్టలు మడతపెడుతూనే తేల్చేసింది.

"రైల్ల దొరికిన దోస్తులు రైల్లనే దిగిపోతరే. ఇంటికి రా అని అందరంటరు. మనం అనమా, భోజనానికి రాండ్రి అని? నిజంగ వస్తే ఇంట్ల పెరుగు గూడ ఉండదు."

అక్క అంటున్నది బుసైతీన్‌లో ఉండే ఆవిడ గురించి. యాభై దాటిన బహ్రెయినీ, రిటైరైన టీచరు. వీపున నాకన్నా పెద్ద బ్యాగు. పోయిన సెలవుల్లో ఒంటరిగా యూరప్ తిరుగుతూ నేను ప్రాగ్ నుంచి వియన్నా రైలెక్కితే ఎదురు సీట్లో ఉంది. అప్పుడూ నేను ఫోన్లో అక్కతోనే గొడవ. "ఇగ ఖలాస్, నాతోని మాట్లాడకు" అని పెట్టేయగానే, ఆ 'ఖలాస్' పట్టుకుని ఆవిడ హిందీలో అడిగింది, గల్ఫ్‌లో ఎక్కడుంటావని.

అంతే. ఫ్లాస్కు, పిడి లేని బుల్లి కప్పులు, ఖర్జూరాల డబ్బా బయటికొచ్చాయి. రైలు పెట్టెంతా ఏలకుల వాసన, అరబ్బుల కాఫీ ఖహ్వాది. నాకే కాదు, కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్న చెక్ తాతకూ పోసింది. అప్పటిదాకా ఎవరి మొహమూ చూడని ఆ తాత, రెండో కప్పుకల్లా మనవరాలి ఫోటో చూపించడం మొదలుపెట్టాడు.

నేను తాగి కప్పు తిరిగిచ్చాను. నింపింది. మొహమాటానికి తాగి మళ్లీ ఇచ్చాను. మళ్లీ నింపింది. చివరికి నాకు ఒళ్లు మండింది.

"ఇంకెంత తాగిస్తారు? చాలు!"

ఆవిడ పకపకా నవ్వింది. "చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలి. లేకపోతే ఇంకా కావాలని అర్థం. నువ్వు మా ఊళ్లో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నావు?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లలో ఒక్కరింట్లో కూడా ఖహ్వా తాగలేదా?" నవ్వు ఆగిపోయింది. "ఆ తప్పు నీది కాదు, మాది. బుసైతీన్‌లో మా ఇంటికి రా." అడ్రసు నా ఫోన్లో తనే కొట్టింది.

నిజమే. ఫ్లాటు, కారు, ఆఫీసు, ఫోను. నా బహ్రెయిన్ అంతే.

వియన్నాలో దిగాక హాస్టల్‌కు దారి కోసం నేను మ్యాప్ తీశాను. ఆవిడ మాత్రం కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడను దారి అడిగింది. "ఎడమకే అని ఇందులో చూపిస్తోంది కదా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ ముసలావిడ హాస్టల్ గుమ్మం దాకా వచ్చి దింపింది. దారిలో వేడి రొట్టె దొరికే కొట్టు కూడా చూపించింది. మ్యాప్ తప్పు చెప్పలేదు. కానీ మ్యాప్ రొట్టె పెట్టించదు. బుడాపెస్ట్ చేరేసరికి మనుషుల్ని అడగడం నేనే మొదలుపెట్టాను.

తిరిగొచ్చాక ఆవిడకు మెసేజ్ పెట్టాను: "శుక్రవారం మీ ఇంటికి రావచ్చా?" నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. స్నానానికి వెళ్లినా ఫోను వదల్లేదు. జవాబు లేదు. అక్క మాటే నిజమైతే? అప్పుడు ఆ కప్పులూ, ఆ నవ్వూ అన్నీ ఉత్త మర్యాదేనా?

"నేను చెప్పలె?" అంది అక్క, శుక్రవారం పొద్దున.

"నువ్వు గూడ రా! ఎల్లగొడితె కండ్లార చూస్తువు గని" అని దాన్ని కార్లో కూర్చోబెట్టాను.

తలుపు తీస్తూనే ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ఇంటికి రావడానికి ఎవరైనా అడుగుతారా? కోపమొచ్చింది నాకు. అందుకే జవాబివ్వలేదు!"

నాకన్నా కోపిష్టిది. లోపల ఫ్లాస్కు, కప్పులు, ఖర్జూరాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

అక్క తాగి కప్పు చాచింది. నిండింది. మళ్లీ చాచింది. మళ్లీ నిండింది. 'ఏందే ఇది' అన్నట్టు నా వైపు చూసింది. నేను చెబుతానా? ఫోను తీసి వీడియో తీశాను.

తిరుగుదారిలో రిఫా దగ్గర పడ్డాక అక్క గొణిగింది, "వచ్చే శుక్రవారం ఆమెను మనింటికి పిలువు. పెరుగు తోడేస్త."

రైల్లో దొరికిన స్నేహం రైల్లోనే దిగిపోతుందట! ఏదీ, ఇప్పుడు ఆ మాట మీరు నా మొహం మీద అనగలరా?