నూకరాజు పెట్టని సెల్యూటు

1949 వేసవిలో నన్ను కాకినాడ నుంచి అమలాపురం బదిలీ చేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల బాగోగులు చూసే ఆఫీసులో నేను గుమస్తాని. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. కచేరీ వెనక ఒక గది, ఒక బల్ల, ఒక బెంచీ, నేను. బంట్రోతు పోస్టు మంజూరైంది గాని నేనున్నన్నాళ్ళూ బంట్రోతు మాత్రం రాలేదు.

సైన్యం నుంచి బయటికొచ్చే ప్రతి మనిషికీ డిశ్చార్జి సర్టిఫికెట్ ఇస్తారు. అందులో రెండే సంగతులు ముఖ్యం. ఎందుకు బయటికొచ్చాడు, నడవడి ఎలాంటిది. యుద్ధం ముగిశాక ఇంటికి పంపేసినవాళ్ళకి "ఇక సేవలు అవసరం లేనందున" అని రాసేవారు. అందులో పరువు తక్కువేమీ లేదు. "డిస్మిస్" అని రాశారంటే మాత్రం ఆ మనిషికి సర్కారు తలుపులన్నీ మూసుకున్నట్టే. ఆ ఒక్క మాట మార్పించడానికి సైన్యం పెద్ద ఆఫీసుకి మహజరు పెట్టుకోవచ్చు. ఆ మహజర్లు ఇంగ్లీషులో రాసిపెట్టడం నా పని. మాట మారినవాళ్ళు తక్కువ, మారుతుందని ఆశపడి బెంచీ మీద కూచున్నవాళ్ళు ఎక్కువ.

నూకరాజు ఆ బెంచీ మీదికి ఒంటరిగా రాలేదు. కొత్తపేట దగ్గర వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన వెంటబెట్టుకొచ్చాడు. ఖద్దరు లాల్చీ, చంకలో గొడుగు, గొంతు మాత్రం సభలో మాట్లాడుతున్నంత పెద్దది. సంగతంతా ఆయనే చెప్పాడు. అస్సాం అడవుల్లో రోడ్డు వేసే కంపెనీలో నూకరాజు సిపాయి. ఒకరోజు తెల్ల కెప్టెన్ ఎదురుగా నిలబడి సెల్యూటు కొట్టనన్నాడు. సుబేదారు మళ్ళీ మళ్ళీ హుకుం ఇచ్చినా చెయ్యెత్తలేదు. కంపెనీ కమాండరే అక్కడికక్కడ విచారించి తీర్పు చెప్పే చిన్న కోర్టు మార్షల్ ఒకటుంటుంది. అందులో డిస్మిస్ చేశారు.

"తెల్లోడికి తల వంచని మొగాడండి మావాడు. స్వరాజ్యం వచ్చిన రోజున దండేసి ఊరేగించేమండి. ఇలాంటోడికి ఉద్యోగం ఇవ్వకపోతే ఎవరికిస్తారండి?" అన్నాడాయన.

ఉద్యోగం సంగతి ఏమిటంటే, వాళ్ళ ఊరి దగ్గర కాలవ మీద లాకుల్లో లస్కరు పోస్టు ఈమధ్యే ఖాళీ అయింది. పడవలొచ్చినప్పుడు లాకు తలుపులు తెరిచి మూసే పని. నూకరాజు తండ్రి బతికున్నన్నాళ్ళూ అదే చేశాడు. లస్కరుకి గట్టు మీద పెంకుటిల్లు కూడా ఉంటుంది. నూకరాజు పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. తండ్రి పోయాక పోస్టు ఇంకొకరికి వెళ్ళింది, తల్లి ఆ ఇల్లు ఖాళీ చేసి తన తమ్ముడి పంచన చేరింది. పోస్టు నూకరాజుకి ఇవ్వడానికి కాలవల ఇంజనీరుగారికి అభ్యంతరం లేదు, ఆ డిస్మిస్ మాట తీయించుకు రమ్మన్నారు. అదీ అతని గొడవ. దేశభక్తి గొడవంతా పెద్దమనిషిది.

నాకూ ఉత్సాహంగానే ఉంది. స్వరాజ్యం వచ్చి రెండేళ్ళు కాలేదు, ఇలాంటి మహజరు రాసే అవకాశం గుమస్తాకి ఎన్నిసార్లు వస్తుంది? బానిసత్వం, ఆత్మగౌరవం అన్నీ దట్టించి రాసేశాను. రాసింది అర్జీదారుకి తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలని రూలు. పెద్దమనిషి కిళ్ళీ కోసం బజారుకెళ్ళినప్పుడు చదివాను. నూకరాజు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"అలా కాదండి బాబుగారూ. దొరగారి మీద నాకు కోపం లేదండి. నేను మైలలో ఉన్నానండి" అన్నాడు.

కలం కింద పెట్టేశాను. మా వైపు పుట్టినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంట్లో చావు జరిగితే పెద్దకర్మ అయ్యేదాకా మైల. మైలలో ఉన్నవాడు ఎవరికీ దణ్ణం పెట్టడు, ఎవరి దణ్ణమూ పుచ్చుకోడు. పెడితే అవతలి మనిషికి కీడు. నేనూ మా తాతగారు పోయినప్పుడు వీధిలో పెద్దలు ఎదురైతే చేతులు వెనక్కి దాచుకున్నవాణ్ణే. అది కూడా నేరం కింద జమ అవుతుందని, దానికి కోర్టు మార్షల్ ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

జరిగింది ఒక్కొక్కటే అడిగి రాబట్టాను. మలేరియాతో ఆస్పత్రిలో ఉండగా తండ్రి పోయాడని ఉత్తరం వచ్చిందట. పక్క మంచం మీద ఉన్న తెలుగు సిపాయి చదివి చెప్పాడు. నూకరాజు తలస్నానం చేసి, తలా మీసమూ తీయించుకున్నాడు. మైల తీరకముందే అతన్ని వేరే కంపెనీలో వేశారు. అక్కడ మన భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. చేరిన మర్నాడే కెప్టెన్ తనిఖీకి వచ్చాడు.

మరి ఎందుకు చెప్పలేదయ్యా అని నేను కాస్త గట్టిగానే కసిరాను. సైగలతోనైనా చెప్పి ఉండాల్సింది కదా అన్నాను.

"గుండుతో, మీసం లేకుండా నిలబడ్డానండి. మనిషిని చూస్తే తెలిసిపోద్ది కదండీ, మళ్ళీ చెప్పడమేంటి అనుకున్నానండి."

మా ఊళ్ళో అయితే తెలిసిపోయేదే. పాలవాడి దగ్గర్నుంచి పడవ సరంగు దాకా ఎవరూ చెప్పకుండానే పక్కకి తప్పుకునేవారు. పేలకి భయపడి సగం మంది గుండు కొట్టించుకున్న ఆ క్యాంపులో మాత్రం అతని గుండు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రాసిన మహజరు చించేసి కొత్తది రాశాను. కిళ్ళీ నములుతూ తిరిగొచ్చిన పెద్దమనిషి సంగతి విని మండిపడ్డాడు. ఊరంతా దండేసిన మనిషి ఇప్పుడు తెల్లదొర క్షేమం కోరి చెయ్యెత్తలేదంటే నలుగురిలో తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నూకరాజు ఒక్కడే వచ్చేవాడు.

వానలు వెనకబట్టాక పైనుంచి జవాబు వచ్చింది. సిపాయిలని చేర్చుకోవడానికి టూరులో వచ్చే మేజరుగారు అర్జీదారు వాంగ్మూలం తీసుకుని పంపాలని. ట్రావెలర్స్ బంగళాలో విచారణ. ఇంగ్లీషుకీ తెలుగుకీ మధ్య దుబాసీని నేనే. ముందురోజు నూకరాజుని కూచోబెట్టి తిరకాసు లేకుండా చెప్పాను. సెల్యూటు వేరు, దణ్ణం వేరు, అప్పట్లో తెలియదు, ఇప్పుడు తెలిసింది, అంతే చెప్పు, ఇంకేం మాట్లాడకు అని. ఆయ్ అన్నాడు.

మేజరుగారు పంజాబు వైపు మనిషి. మర్యాదస్తుడు. నూకరాజు లోపలికొస్తూనే బంగళా అదిరేలా సెల్యూటు కొట్టాడు. ఆయన ముచ్చటపడ్డారు. ఆ సెల్యూటు చూసి ఇక గట్టెక్కామనుకున్నాను. ఆయన అన్నీ విని, రాసుకుని, చివరికి ఒక్క ప్రశ్న వేశారు. రేపు నీ ఇంట్లో చావు జరిగి, నేను నీ ఎదురుగా వస్తే సెల్యూటు కొడతావా?

తెలుగులో చెప్పాను. చెబుతూ కళ్ళతో కూడా చెప్పాను.

"కొట్టనండి" అన్నాడు నూకరాజు.

దుబాసీకి సొంత మాట ఉండకూడదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మేజరుగారు కలం ఆపి, ఎందుకని అడగమన్నారు.

"మైల తీరేదాకా గోతులు తవ్వమన్నా తవ్వుతానండి, కొట్టినా పడతానండి. ఎదర నిలబెట్టి చెయ్యెత్తమంటే మాత్రం నా వల్ల కాదండి. తెలిసి తెలిసి మీకు కీడెలా చేస్తానండి?"

అదీ చెప్పాను. మేజరుగారు అన్నీ రాసుకున్నారు. ఒక్క ముక్క వదల్లేదు.

సంక్రాంతి వెళ్ళాక తీర్పు వచ్చింది. అర్జీ తోసేశారు. మళ్ళీ అదే పని చేస్తానని అర్జీదారు స్వయంగా ఒప్పుకున్నందున మార్చడానికి కారణం కనబడలేదట. లస్కరు పోస్టు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. ఇవి రెండూ నేను ఊహించినవే. అడుగున ఉన్న వాక్యం చదివినప్పుడు మాత్రం నమ్మలేక రెండోసారి చదివాను. అప్పటి కెప్టెన్‌గారికి ఇంగ్లండుకి రాసి అభిప్రాయం అడిగారట. అలాంటి సిపాయిగాని, అలాంటి సంఘటనగాని తనకు బొత్తిగా గుర్తులేదని ఆయన జవాబు.

ఒక మనిషి పరువు, కొలువు, పుట్టిన ఇల్లు పోయాయి. ఎవరి కోసం పోయాయో ఆయనకి గుర్తే లేదు. ఇది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. తీర్పు మొత్తం చదివి వినిపించాలని రూలు కనక చదివాను. నూకరాజు తల వంచుకుని విన్నాడు. అయిపోయాక ఒకటే అడిగాడు.

"అయితే ఆ దొరగారు ఉన్నారన్నమాటండి?"

ఉన్నారు, జవాబు రాశారుగా అన్నాను.

"ఆయ్. కులాసాగా ఉన్నారు. అంతే చాలండి."

నాకు సెల్యూటు కొట్టి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాకాలం పడవల మీద కొబ్బరికాయల సరుకు మోస్తూ అదే లాకులోంచి వస్తూ పోతూ ఉండేవాడని విన్నాను.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. అర్జీదారు ఏం చేశాడన్నది కాగితాల్లో ఎలాగూ ఉంటుంది. ఏమనుకుని చేశాడో మొట్టమొదట అడిగి, అతని మాటల్లోనే రాసేవాణ్ణి. దానివల్ల అర్జీలు గెలిచాయని చెప్పలేను. ఏం జరిగిందో కనీసం ఒకచోట సరిగ్గా రాసి ఉండేది.