కాఫీ తోట ఎక్కడండీ?

ఆ రోజుల్లో, అంటే వీధి మొత్తానికి రెండిళ్లలోనే టెలిఫోను ఉండి మిగతావాళ్లమంతా ఆ రెండిళ్లతో మర్యాదగా మసులుకునే రోజుల్లో, ఈ లోకంలో నాకు తెలియని పువ్వు లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. మాది కడియం పక్క ఊరు. పుట్టిందీ పెరిగిందీ నర్సరీ మొక్కల మధ్య. కళ్లు మూసి ముక్కు దగ్గర పెడితే చాలు, ఇది విరజాజి, ఇది నిన్న కోసిన మల్లె అని చెప్పేసేదాన్ని. (ఈ విద్యకి ఏ కాలేజీలోనూ మార్కులు వెయ్యరు. అందుకే రాజమండ్రిలో డిగ్రీ అత్తెసరు మార్కులతో నెట్టుకొస్తుండేదాన్ని.) అలాంటి నాకు రెండో సంవత్సరంలో మా మేడంగారు కాఫీ తోటల గురించీ, కొండ ఊళ్ల ఆచారాల గురించీ రాసుకురమ్మని ప్రాజెక్టు ఇచ్చారు. మిగతా ఆడపిల్లలు లైబ్రరీలో కూర్చుని రాసేశారు. నాకు మాత్రం మారేడుమిల్లి అవతల కొండ ఊళ్లో మాస్టారుగా పనిచేస్తున్న బాబాయి ఉండేవాడు. స్వయంగా చూసి రాసి అందరి నోళ్లూ మూయించాలని బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్న బాబాయి బడికి వెళ్తూ దారి చూపించాడు. "ఈ కాలిబాటమ్మటే వెళ్లిపోమ్మా. కాఫీ తోట వస్తుంది. అది దాటగానే ఓ అవ్వ ఇల్లు. తోట ఆవిడదే. నేను పంపించానని చెప్పు, అన్నీ చూపిస్తుంది" అన్నాడు. "తోటని నేను గుర్తుపట్టకపోతేనో?" అన్నాను. "అంత తోట కనపడదేంటమ్మా, కళ్లు లేవా?" అనేసి వెళ్లిపోయాడు.

కళ్లున్నాయి. నడిచాను. తోటంటే మా వైపు ఓ పద్ధతుంటుంది. గట్టు, కంచె, వరసలు, ఓ మూల మోటారు షెడ్డు. ఇక్కడ చూస్తే తలెత్తినా కొస కనపడని చెట్లు, వాటిని చుట్టుకుపోయిన మిరియాల తీగలు, కింద నా భుజాలెత్తు పొదలు. శుద్ధ అడవి. ఆ పొదలకి మాత్రం కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు! ముందు వారం వాన పడిందట, అన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి. ఆ వాసనకి నాకు మతి పోయింది. మల్లె కాదు, జాజి కాదు, పారిజాతం అసలే కాదు. మూడుసార్లు వాసన చూసి, ఓడిపోవడం ఇష్టంలేక 'కొండజాజి' అని నేనే పేరు పెట్టేసి, కొయ్యడం మొదలెట్టాను. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకాన్ని కదా, గుత్తులు గుత్తులుగా కాడలతో సహా తుంచి చున్నీలో పోసుకుని, చేతిసంచీ అంచు దారం లాగి, రాయి మీద కూర్చుని రెండు మూరల మాల కట్టి జడలో పెట్టుకున్నాను.

తర్వాత మళ్లీ తోట వెతుక్కుంటూ బయలుదేరాను. బిందెలతో ఇద్దరాడవాళ్లు ఎదురొచ్చారు. నా జడ చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. (గోదావరి పిల్ల జడ చూసి మురిసిపోతున్నారనుకుని కాస్త పక్కకి తిరిగి నిలబడ్డాను కూడా.) "కాఫీ తోట ఎక్కడండీ?" అనడిగితే ఒకావిడ నేనొచ్చిన వైపే చెయ్యి చూపించింది. వెనక్కి వెళ్లాను. అడవే. ముందుకొచ్చాను. అదే అడవి. గానుగెద్దులా మూడుసార్లు తిరిగి, చెమటలు కక్కుకుంటూ, ఇక లాభం లేదని అవ్వ ఇంటికే పోయాను. అవ్వ అరుగు మీద చీపురు కడుతోంది.

"అవ్వా, మాస్టారు మా బాబాయి. కాఫీ తోట చూడమని పంపించాడు. ఎక్కడుంది?"

అవ్వ చీపురు పక్కనపెట్టి నా తలవైపే చూసింది. "ఆ పువ్వు ఎక్కడిది?"

"అడవిలోదవ్వా. ఎవరూ కోసుకోవడం లేదు, వృథాగా పోతోందని..."

"ఇంకా తోట ఏం చూస్తావు?" అంది అవ్వ. "నెత్తిన పెట్టుకొచ్చావు కదా."

నాకప్పటికీ అర్థం కాలేదు. బుర్ర ఊపి, పుస్తకం తెరిచి, రాసుకోవడానికి పెన్ను కూడా తీశాను. అవ్వే నెమ్మదిగా చెప్పింది. అది అడవి కాదు, నీడ కోసం ఉంచిన చెట్లు. కింద పొదలే కాఫీ. పువ్వుకొక కాయ. ఆ కాయలతోనే వాళ్లకి ఏడాది బియ్యం, బట్టలు. "పూతప్పుడు నా మనవరాల్ని కూడా ఆ దారిన పోనివ్వను" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా మాల తీసి "ఇదిగోవ్వా, తీసుకో" అని చేతులు చాపాను.

"ఏం చేసుకోను? అతికిస్తానా?" అంది. మాల నా చేతిలోంచి తీసుకుని మళ్లీ నా జడలోనే పెట్టింది. "తెంపింది ఎలాగూ కాయదు. ఉంచుకో." నా ఏడుపు కట్టలు తెంచుకుంది. లోపల్నుంచి గిన్నెడు రాగిజావ తెచ్చిచ్చి (కాఫీ ఇస్తుందేమోనని ఆ ఏడుపులోనూ ఒక ఆశ), నేను తాగుతుంటే నా వేళ్లు పట్టుకుని తిప్పి చూసింది. "చెయ్యి మంచి చురుగ్గా ఉంది. చలికాలం కాయ కోతకి రా."

"తప్పకుండా వస్తానవ్వా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ప్రాజెక్టులో ఈ సంగతి ఒక్క ముక్క రాయలేదు. మంచి మార్కులొచ్చాయి. చలికాలం వచ్చింది. పరీక్షలన్నాను, జలుబన్నాను, చివరికి అసలు మాటే మర్చిపోయాను. వేసవి సెలవులకి బాబాయి ఊరొచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ బయటపెట్టాడు. "కోతలన్నాళ్లూ అవ్వ నన్ను వేధించిందే. ఆ పూలపిల్ల ఇంకా రాలేదేంటి మాస్టారూ అని. తోట గుర్తుపట్టలేక అటూ ఇటూ తిరుగుతోందేమో పాపం, దారిలో మనిషిని నిలబెడతానంది."

ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. చున్నీ నిండా కాఫీ పూత మోసుకుంటూ కాఫీ తోట ఎక్కడండీ అని తిరిగిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ అవ్వ ఆ చలిలో నిజంగానే ఎవర్నైనా నిలబెట్టిందా అని అడుగుదామంటే, ఇప్పుడు బాబాయి కూడా లేడు.