కొండ ఎక్కరాని ఏడాది

మా చెల్లెలి మీద నాకు అసూయ పుట్టింది నాన్న పోయిన పన్నెండో రోజున. దిగులని, ఒంటరితనమని ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు గానీ, అది అచ్చంగా కడుపుమంట.

అంతకు ముందు రెండేళ్ళుగా ఇద్దరం బ్రోమో వెళ్ళాలనుకుంటున్నాం. జావాలో ఉన్న అగ్నిపర్వతం అది, బ్రహ్మదేవుడి పేరే దానికి. చుట్టుపక్కల హిందువులు పైదాకా ఎక్కి, పొగలు కక్కే ఆ నోట్లోకి పూలూ ధాన్యమూ విసిరి మొక్కుకుంటారు. ప్లానంతా నాదే. మేముండే మలేసియాలోని పెనాంగ్ నుంచి విమానం, అక్కడ దిగాక జీపు, చలికి స్వెట్టర్లు, అన్నీ నేనే చూశాను. ప్రతి ఆదివారం మా ఊరు సుంగై పెటాని నుంచి మోటారుబైకు మీద పోయి, జెరాయ్ కొండెక్కి కాళ్ళు గట్టిపరచుకున్నాను. కువాలా సెలంగోర్‌లో కాపురముంటున్న మా చెల్లి చేసిందల్లా ఫోన్‌లో "సరే అక్కా" అనడం.

పన్నెండో రోజు భోజనాలయ్యాక మా మేనత్త నన్ను పిలిచింది. "ఏడాది దాకా కొండెక్కకూడదు, తెల్సు కదా?"

"అది గుడి కొండ కాదత్తా, అగ్నిపర్వతం!"

"అక్కడ దేవుడున్నాడా నేడా?"

"ఉన్నాడు."

"మరింకేటి?" అని, పన్నెండోనాటికి మళ్ళీ వచ్చిన చెల్లి వైపు తిరిగింది. "నువ్వెల్లొచ్చునే. పెళ్ళయినదానివి, నీ గోత్రం ఏరు. నీకు మూడ్రోజులే మైల."

నాకు పెళ్ళి కాలేదు. ఆరేళ్ళు నాన్నకి అన్నం తినిపించి, ఆస్పత్రుల చుట్టూ తిప్పింది నేను. అందుకు నాకు దక్కింది ఏడాది మైల. పండగలకి చుట్టంలా వచ్చి పోయిన దానికి కొండ! ఎంత న్యాయం! తన టికెట్టు కూడా రద్దు చేసుకుంటానని చెల్లి ఒక్క మాట అంటుందేమోనని దాని మొహం వంకే చూశాను. అనలేదు. తలొంచుకుని గిన్నెలు సర్దింది.

నెల తిరిగాక ప్రయాణం కాగితాల కోసం వచ్చింది. కాగితాలూ స్వెట్టరూ దాని ఒళ్ళో పడేశాను.

"మూడ్రోజుల్లో దులుపుకున్నావు, అదృష్టవంతురాలివి. ఎల్లు, ఎక్కు!"

అది కదల్లేదు. "మూడో రోజు తలకి పోసుకుని అత్తారింటికెల్లినాను. గుమ్మంలోనే మా అత్త, నీకయిపోయింది కదా, ఇంక మొహం తుడుసుకో అంది. అప్పట్నించీ బాత్రూంలో కుళాయి ఇప్పుకుని ఏడుస్తన్నానక్కా. నీకు ఏడాది ఇచ్చినారు. నాకు మూడ్రోజులు. కొండ మీద నన్నెవరూ ఎరగరు కదా, అక్కడయినా ఏడుద్దామనుకున్నాను."

నా ఏడాదిని చూసి కూడా కుళ్ళుకునేవాళ్ళుంటారని నాకెప్పుడూ తట్టలేదు.

వాళ్ళ అత్తగారికి ఫోన్ చేశాను. చెల్లి కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుందని చెప్పాను.

"మరి ప్రయాణమో?" అందావిడ.

"ఎలా ఎల్తాదండీ? మా ఇంట్లో ఇద్దరికీ ఏడాది మైల."

ఆ మాట ప్రేమతో అన్నానో, అది నన్నొదిలేసి ఒక్కతే కొండెక్కుతుందన్న ఓర్వలేనితనంతో అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. చెల్లి మాత్రం స్వెట్టర్‌లో మొహం దాచుకోకుండా, వీధిలోకి వినపడేలా ఏడ్చింది.