నీలమ్మత్త తొడుక్కున్న చొక్కా

పొద్దున్నే సర్వేకు బయలుదేరే ముందు ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకుని, చీర మీద ఫుల్‌హ్యాండు చొక్కా తొడుక్కుని, తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటాను. ఆ చల్లదనం వీపు మీదికి జారగానే ఎండుచేపల వాసన ముక్కుకు తగిలినట్టుంటుంది. తువ్వాలు ఎన్నిసార్లు ఉతికినా అంతే. సముద్రం ఒడ్డున మా ఊరు భావనపాడులో పక్కింటి నీలమ్మత్త గుర్తుకొచ్చిందన్నమాట.

మా నాన్న, నీలమ్మత్త భర్త ఒకే బోటులో చేపల వేటకు గుజరాత్ వెళ్లేవారు. వాళ్లు తిరిగొచ్చేదాకా అమ్మా అత్తా ఇసుకలో చేపలు ఎండబెట్టి ఇల్లు నడిపేవారు. చేపను తిరగెయ్యాల్సింది మిట్టమధ్యాహ్నమే. మగవాడు నీళ్ల మీదుండగా అతని బట్టలు ఇంట్లో ఎవరైనా తొడుక్కుంటే అతనికి కీడని మా వీధిలో పట్టింపు. అందుకే నాన్న చొక్కాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండేవి, మేమేమో ఎండలో ఉండేవాళ్లం. పైగా సముద్రపువాళ్ల ఒళ్లు కాలదని మాకో గొప్ప.

ఇంటర్ సెలవుల్లో ఆ గొప్ప నాకు వదిలింది. ఒకరోజు సాయంత్రానికి మెడా భుజాలూ కమిలి బొబ్బలెక్కాయి. గాలి తగిలినా ప్రాణం పోయేది. అమ్మ ఆముదంలో పసుపు కలిపి తెస్తే అత్త ఆపింది.

“నూనెలు ఒగ్గీ వదినా. ముందు ఒంట్లో సెగ దిగాల.”

కుండనీళ్లలో ముంచిన గుడ్డ నా మెడ మీద పరిచి, అది వేడెక్కగానే మళ్లీ ముంచుతూ చాలాసేపు కూర్చుంది. ఆసుపత్రిలో తన చెల్లెలికి నర్సమ్మ అలా చెయ్యడం చూసి నేర్చుకుందట. బొబ్బ గిల్లబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. “సిదపకే. దాని మానాన అదే ఆరతాది. ఈ మజ్జిగ తాగు.” తర్వాత నన్ను చూపిస్తూ అమ్మవైపు తిరిగింది. “రేపట్నుంచి అన్న సొక్కా గుంటకి తొడుగు.”

అమ్మ ముఖం పాలిపోయింది. “ఆయన నీళ్ల మీదున్నాడు నీలమ్మా. నా వల్ల కాదు.”

మర్నాడు మధ్యాహ్నం అత్త తన భర్త నీలం గళ్ల చొక్కా తొడుక్కుని ఇసుకలోకి వచ్చింది. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లంతా ఆగిపోయారు.

“ఏటి సూస్తన్నారు? నా మొగుడికేటవుతాదో సూసి, అప్పుడు మీరేసుకోండి.”

నవ్వుతూనే అంది. కానీ మెడ దగ్గర గుండీ పెట్టుకుంటున్న వేళ్లు వణకడం నేను చూశాను. మావయ్య ఫోను రాని రాత్రి ఆమె అన్నం ముట్టేది కాదు.

కొన్నాళ్లకు గుజరాత్ తీరంలో తుఫానన్నారు. ఫోన్లు కలవలేదు. వీధిలో అందరి చూపులూ ఆ చొక్కా మీదే. ఆ చొక్కా వల్లే ఈ కీడని ఒకామె ముఖం మీదే అనేసింది కూడా. అత్త ఏడ్చింది గానీ చొక్కా విప్పలేదు. “ఇప్పుడిప్పితే ఈ గుంటలు జన్మలో ఏసుకోరు,” అంది.

ఆ మాట విని అమ్మ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. నాన్న చొక్కా ఒకటి తను తొడుక్కుని, ఇంకొకటి నాకు తొడిగి, వెళ్లి అత్త పక్కన కూర్చుని చేపలు తిరగేసింది. మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. బోటు తుఫానుకు ముందే ఒడ్డుకు చేరిందట, అందరూ క్షేమమట.

నాకు సర్వేయరు ఉద్యోగం వచ్చినప్పుడు అత్త ఆ నీలం గళ్ల చొక్కాయే నా చేతిలో పెట్టింది. కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకుని ఇప్పటికీ అదే తొడుక్కుంటున్నాను. అంత ధైర్యమున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మెడ దగ్గర గుండీ పెట్టుకునేటప్పుడు ఆ వణికిన వేళ్లు గుర్తొచ్చి, నా వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ తర్వాతే ఎండలోకి వెళ్తాను.