ముసురు వెళ్ళాక నాటిన జామలు

చిలకలూరిపేట శివార్లలో మేము ఇల్లు కట్టుకున్న ఏడాది నాకు ఇరవై రెండేళ్ళు. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. రెండు గదుల పెంకుటిల్లు, చుట్టూ ఖాళీ నల్లరేగడి. మచ్చుకైనా ఒక్క పచ్చని కొమ్మ లేదు. మొక్కలు వేస్తేగానీ అది నాకు ఇల్లనిపించేట్టు లేదు.

ఉత్తరం వైపు దడి అవతల ఒక ముస్లిం పెద్దావిడ కొడుకుతో ఉండేది. కొడుకు ఊళ్ళు తిరిగి పచ్చి ఆరని మిరపకాయలు కొనుక్కొచ్చేవాడు. ఆమె వాటిని దొడ్లో ఆరబోసి, తొడిమలు తీయించి, బస్తాలకెత్తించేది. నేను ఆమెను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

మొదటి వాన పడ్డ మర్నాడే రెండు జామ మొక్కలు, నాలుగు మల్లె అంట్లు తెప్పించాను. గుంటలు తవ్వుతుంటే ఆమె దడి మీదుగా చూసింది.

"ఇప్పుడే నాటొద్దమ్మాయ్. ఇది రేగడి. ముసురు పట్టిందంటే నీళ్ళు దిగవు, వేళ్ళు కుళ్ళిపోతాయి. పెద్ద వానలు వెళ్ళనీ."

"తొలి వానకే నాటాలంటారు గదండీ?"

"ఎర్రనేలైతే సరే."

మాట సబబుగానే ఉంది. కానీ చెబుతున్నంతసేపూ ఆమె నా మొఖం చూడలేదు. జామ గుంటలే చూసింది. ఆ రెండూ దడి పక్కనే ఉన్నాయి. మల్లెల ఊసే ఎత్తలేదు.

"ఆవిడకి మన చెట్లు గిట్టవు," అన్నాను మా ఆయనతో.

"మంచికే చెప్పిందేమో. నాలుగు నెలలు ఆగితే ఏం పోయింది?"

నేను ఆగలేదు. నాటాను. పక్షం రోజుల్లో కొత్త చిగుళ్ళు వచ్చాయి. అయినా నాకు నిలకడ లేదు. ఆమె దడి దగ్గరికి వచ్చినప్పుడల్లా వంటింటి కిటికీలోంచి కనిపెట్టి ఉండేదాన్ని. కడుగు నీళ్ళు అటు పారబోస్తే అందులో ఉప్పు కలిపిందేమోనని మట్టి వాసన కూడా చూశాను.

తర్వాత ముసురు పట్టింది. అయిదు రోజులు వదల్లేదు. ఆరో రోజు పొద్దున చూస్తే జామ ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. మొదళ్ళ దగ్గర ఎవరో తవ్వారు. దడి సందులోంచి పాదాల గుర్తులు.

"పిన్నిగారూ, మా మొక్కల దగ్గర ఎవరు తవ్వారండీ?"

"నేనే," అంది తడుముకోకుండా. "నీళ్ళు నిలబడిపోయాయి. మా వైపు పల్లం గదా అని కాలవ తీశాను. నువ్వింకా లేవలేదు."

"నన్ను లేపాల్సింది."

"అవును, లేపాల్సిందే."

నేను నమ్మలేదు. తన దొడ్లోకి ఎవరైనా బురదనీళ్ళు తెచ్చుకుంటారా? వేరు తెంపడానికే వచ్చిందనుకున్నాను.

వారం తిరక్కుండా జామలు రెండూ చచ్చిపోయాయి. కత్తి గాటు కనబడుతుందని ఒకటి పీకి చూశాను. గాటేమీ లేదు. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే జిగటగా ఊడి వచ్చాయి, కుళ్ళు కంపు. ఆమె కాలు పెట్టని వైపున్న మల్లెను పీకాను. అదీ అంతే.

ఆమె దగ్గరికి వెళ్ళడానికి నాకు మూడు రోజులు పట్టింది. నేను అనుకున్నదంతా చెప్పేశాను. ఆమె చేతిలో చాట పక్కన పెట్టింది.

"నీ అనుమానం ఉత్తది కాదులే. చలికాలం ఎండ దక్షిణం నుంచి వస్తుంది. ఆ జామలు పెరిగితే నా కాయల మీద నీడ. నీడలో కాయకి రంగు రాదు. అదీ నా మనసులో ఉంది. నీళ్ళ సంగతి మాత్రం అబద్ధం కాదు."

"ముందే చెప్పొచ్చుగదండీ?"

"కొత్తగా వచ్చిన పిల్లవి. నీ స్థలంలో ఎక్కడ నాటుకోవాలో నేనెట్లా చెప్పను?"

పొలాల్లో మిరప నారు నాట్లయి, పెద్ద వానలు తగ్గాక ఆమే మా దొడ్లోకి వచ్చింది. గుప్పెడు మట్టి పిసికి చూసి, "ఇంకో వారం," అంది. నేనూ పిసికాను. ముద్దయింది. వారం తర్వాత పిసికితే పొడిపొడిగా రాలింది. ఈసారి జామలను ఇంటికి దక్షిణంగా, మట్టి ఎగదోసి, మిట్ట మీద నాటాను. ఎండాకాలమంతా బిందెలతో నీళ్ళు మోశాను.

మూడో ఏట కాశాయి. తొలి కాయలు పళ్ళెంలో పెట్టి ఆమెకిచ్చాను. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.

"పురుగు లేదుగదా?"

"కోసి చూసుకోండి," అన్నాను.

కత్తిపీట తెచ్చుకుని, నా ముందే కోసి చూసింది.